గోల్ ముందు చోటు

విర్రబూల్ ఊరి ఫుట్‌బాల్ మైదానం. మా ఫుట్‌బాల్‌లో జట్టుకి పద్దెనిమిది మంది, నాలుగు భాగాల ఆట, గోల్స్ బోలెడు. శనివారం మధ్యాహ్నం, మూడో భాగం ఆట నడుస్తోంది. మైదానం గీత చుట్టూ ముక్కు లోపలికి పెట్టి ఆపిన కార్ల వరసలో మెర్విన్ ట్రెజైస్ పికప్ బండి. స్టీరింగు దగ్గర మెర్విన్, డెబ్బై ఒకటి. పక్క సీట్లో నేను, డార్సీ హాలమ్, ఇరవై రెండు. అన్న మాటలే రాశాను, ఏమీ కలపలేదు. నా జన్మలో ఇదే మొదటిసారి.

“రెండొందల ఎనభై మ్యాచ్‌లు, పెద్దాయనా. నువ్వాడిన ప్రతీదీ చూశాను. ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు. అందుకే చెప్తున్నా, నీ అసలు చోటు వెనకాలే. మన గోల్‌కి కాపలా.”

“నేను బూట్లు విప్పేసిందెప్పుడు?”

“ఎనభై అయిదు.”

“నువ్వు పుట్టింది?”

“తొంభై ఏడు.”

“మరి ఎక్కణ్ణుంచి చూశావురా?”

“అమ్మ కడుపులోంచి.”

“పన్నెండేళ్లా?”

“మా అమ్మకి ఓపికెక్కువ. ఊళ్లో అందరికీ తెలుసు.”

“నోర్ముయ్.”

“టీ పోయనా?”

“వద్దు.”

“ఫ్లాస్కులో ఇంకా వేడిగా...”

“వద్దన్నానా?”

“అదిగో, గోల్! మనదే! హారన్ కొట్టు పెద్దాయనా. చుట్టూ అందరూ కొడుతున్నారు.”

“కొట్టను.”

“మనవాళ్లు గోల్ వేస్తే నువ్వు హారన్ కొట్టకపోవడమా? బండి పాడైందా?”

“బండి బాగానే ఉంది. బోర్డు చూశాను.”

“ఏ బోర్డు?”

“ఏ బోర్డా? క్లబ్బు నూరేళ్లలోంచి మేటి ఆటగాళ్లని ఏరి రాసిన జట్టు బోర్డు. సాయంత్రం క్లబ్బు గదిలో దుప్పటి లాగి అందరికీ చూపిస్తారే, అది. పొద్దున్న మైదానంలో గీతలేసే బండి కోసం షెడ్డులోకెళ్తే గోడకానించి ఉంది.”

“దుప్పటి కప్పి ఉండాలే.”

“ఎత్తాను.”

“అది తప్పు కదా?”

“తప్పు గురించి నువ్వు చెప్తున్నావా నాకు? కిందటేడు అంపైర్ విజిల్లో గింజ తీసేసి, వేడికి కరిగిపోయిందన్నది ఎవడు?”

“ఆ రోజు నిజంగానే ఎండ ఎక్కువ.”

“పద్దెనిమిది మంది మైదానంలో. నలుగురు బెంచీ మీద. అన్నీ బంగారు అక్షరాలు. పైనుంచి చదువుకుంటూ వచ్చాను. గోల్ ముందు చోట, గోల్స్ కొట్టేవాడి చోట, నా పేరు లేదు. మధ్యలో లేదు. కాపలా చోట లేదు. అట్టడుగున, నేలకానిన చోట ఉంది. బెంచీ మీద మూడోవాణ్ణి.”

“మూడోవాడంటే మంచి నంబరే.”

“నా తర్వాత నాలుగోవాడు క్లాడ్ పింబర్. పదకొండు మ్యాచ్‌లు ఆడాడు. అందులో రెండు సార్లు వాళ్లమ్మ పిలిస్తే మధ్యలో వెళ్లిపోయాడు.”

“చూడు, ఇందులో నీ తప్పేం లేదు. అసలు నీ గొప్పతనమే నీకు అడ్డమొచ్చింది. నువ్వు ముందు ఆడతావు, వెనక ఆడతావు, మధ్యలో ఆడతావు. అవసరమైతే మాంసం పైలమ్మే కౌంటర్లో కూడా నిలబడతావు. ఎక్కడైనా ఆడేవాణ్ణి ఎక్కడ రాస్తారు? బెంచీ మీద రాస్తారు. అన్ని ఊళ్లలోనూ అంతే.”

“ఇందాక నా అసలు చోటు కాపలా అన్నావు.”

“ముమ్మాటికీ. ఎనభై మూడు ఫైనల్లో నల్లాన్ ఊరివాడు, ఆ ఏడడుగులవాడు, వాణ్ణి ఒక్క గోల్ కొట్టనిచ్చావా? మర్నాడే వాడు ఆట మానేసి తేనెటీగలు పెంచుకున్నాడు. ఆ తేనె కూడా చేదుగా వచ్చేదట.”

“వాడు ఆరడుగులు కూడా లేడు. పైగా మోకాలు పట్టేసింది వాడికి.”

“నిన్ను చూసే పట్టేసింది.”

“సరే. అంత గొప్ప కాపలావాణ్ణయితే ఆ చోట ఎందుకు రాయలేదు?”

“అక్కడ ఆర్థర్ లీచ్ ఉన్నాడు. యుద్ధానికి ముందు ఆడాడాయన. పోయినవాణ్ణి ఎలా కదుపుతాం?”

“గోల్ ముందు కూడా పోయినవాడే ఉన్నాడు.”

“ఫ్లాస్కులో టీ చల్లారిపోతోంది.”

“చెప్పు.”

“మా నాన్న.”

“ఆఁ. వేన్ హాలమ్. ఇంత పొడుగు అక్షరాల్తో.”

“నాన్న మీద కోపమా?”

“వేన్ మీద నాకెందుకురా కోపం? మంచి కుర్రాడు. నా కోపం ఆ చెయ్యెత్తినవాడి మీద. పేర్లు ఏరిన కమిటీలో అయిదుగురు. కుర్రాళ్ల తరఫున నువ్వొకడివి. ఎవడు నన్ను కింద పడేసింది?”

“అది రహస్యం.”

“నీకు రహస్యమా? మీ అక్క కడుపుతో ఉన్న సంగతి వాళ్లాయన కంటే ముందు నాకు చెప్పావు.”

“అంటే... జాయిస్ అయ్యుంటుంది. స్కోరు పుస్తకాలన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయిగా. అంకెలు చూసి...”

“జాయిస్ నా చెల్లెలు.”

“చెల్లెళ్లే చేస్తారు ఇలాంటివి.”

“జాయిస్ కాదు. నెవిల్ కాదు, వాడికి ఇంకా రూల్సే తెలీవు. పాస్టరు గారు కాదు. బెవన్. బెవన్ స్టోల్ట్జ్. ఇంకెవరు?”

“బెవన్ అని ఎలా చెప్తావు?”

“కమిటీకి పెద్ద వాడేగా? వాడు ఊ అనకుండా ఆ బోర్డు మీద చుక్క రంగు పడదు. వాడి పెళ్లిలో ఉంగరం జేబులో పెట్టుకుని పక్కన నిలబడింది నేను. వాడి గొర్రెల షెడ్డు కాలిపోతే మళ్లీ కట్టింది నేను. డెబ్బై తొమ్మిదిలో మా ఇంటికొచ్చి అడిగినప్పుడు...”

“ఏమడిగాడు?”

“నీకు తెలుసు.”

“మళ్లీ చెప్పు.”

“అప్పుడు వాడు కెప్టెన్. నాకా ఏడు తొంభై ఆరు గోల్స్. ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి. నాలుగు గోల్స్ రా, నాలుగంటే నాలుగు. వందో గోల్ పడితే ఏమవుద్దో తెలుసుగా?”

“ఊరంతా కంచె దూకి లోపలికి పరిగెత్తుకొస్తుంది.”

“పిల్లలు, ముసలాళ్లు, కుక్కలు. ఆట ఆపేస్తారు. మా ఆవిడ కొత్త బూట్లు కొనుక్కుంది, పరిగెత్తడానికి. ఆ మంగళవారం బెవన్ వచ్చాడు. కాపలావాడి కాలు విరిగింది మెర్వ్ అన్నాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు, గోల్ ముందు తప్ప ఇంకెక్కడా పనికిరాడు, నువ్వైతే ఎక్కడైనా ఆడతావు అన్నాడు.”

“నువ్వు సరే అన్నావు.”

“జట్టు అడిగితే ఏమంటాం? వెనక్కెళ్లాను. మళ్లీ ముందుకి రాలేదు. ఆ కుర్రాడు మరుసటేడు నూట నాలుగు కొట్టాడు. వందోది పడ్డప్పుడు ఊరంతా పరిగెత్తింది. నేను అవతలి కొసన ఒక్కణ్ణీ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. అందరూ మీ నాన్నని భుజాల మీద ఎక్కించుకున్నారు. మా ఆవిడ కూడా పరిగెత్తింది, ఆ బూట్లతోనే.”

“తర్వాత?”

“ఆ రాత్రి బెవన్ నా భుజం మీద చెయ్యేసి మాటిచ్చాడు. ఎప్పటికైనా ఎవరైనా రాస్తే, గోల్ ముందు నీ పేరే రాయిస్తా మెర్వ్, నా మీద ఒట్టు అన్నాడు. నలభై ఏళ్లు ఆగాను. రాశారు. బెంచీ మీద.”

“పెద్దాయనా, బోర్డంటే ఏముంది, చెక్క ముక్క. చెదలు పట్టేస్తుంది. పదేళ్లలో నువ్వూ, ఆర్థర్ లీచ్, అందరూ చెదల కడుపులో...”

“ఇది చూడు.”

“ఏంటిది?”

“ఉత్తరం. మధ్యాహ్నం రాశాను. నా జీవితకాల సభ్యత్వం తీసెయ్యండి అని. సాయంత్రం బెవన్ మైకు ముందు నిలబడగానే లోపలికెళ్తాను. ఇది వాడి చేతిలో పెట్టి, గాజు పెట్టెలోంచి నా జెర్సీ తీసుకుని బయటికొచ్చేస్తాను. మళ్లీ ఈ గేటు తొక్కను. వాడి మొహం చూడను. గీతలు ఎవడేసుకుంటాడో వేసుకోమను.”

“అంత మాటెందుకు?”

“నీకెందుకురా అంత కంగారు?”

“నాకేం కంగారు? ముందు కొంచెం ఆలోచించు.”

“ఆలోచించేదేం లేదు. అదిగో వస్తున్నాడు. చేతిలో పైలు కూడా.”

“ఎవరు?”

“బెవన్.”

“బండి వెనక్కి తియ్యి.”

“ఏంటి?”

“ఇంటికెళ్దాం. నాకు కడుపులో నొప్పి. అపెండిక్స్ అనుకుంటా.”

“అది నీకు పదేళ్లప్పుడే తీసేశారు. ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనే.”

“మళ్లీ మొలిచింది. పెద్దాయనా, తాళం తిప్పు. బెవన్! బెవన్, అటు చూడు, నీ కారు తగలబడిపోతోంది!”

“నేను నడిచొచ్చాను కదరా. మెర్వ్, అద్దం దించు. ఇదిగో మాంసం పై. మీద సాస్ పోయించాను, చల్లారకముందే తిను. ఏంట్రా డార్సీ, ఈయన అటు తిరిగి కూర్చున్నాడు?”

“గొంతు పోయింది బెవన్. చెవులు కూడా. ఎవరితోనూ మాట్లాడద్దన్నాడు డాక్టర్. ముఖ్యంగా నీతో.”

“నోర్ముయ్ డార్సీ. బెవన్, నేను బోర్డు చూశాను.”

“ఓరి ముసలోడా! సాయంత్రం దాకా ఆగలేకపోయావా? వారం నుంచి ఉపన్యాసం రాసి చస్తున్నా, అంతా పాడు చేశావు.”

“ఏం ఉపన్యాసం?”

“నీ గురించేరా. మెర్వ్, అది విన్నప్పట్నుంచి నేను... సరే, చూసేశావు కాబట్టి చెప్పేస్తున్నా. కమిటీలో మేం నలుగురం చేతులెత్తాం. గోల్ ముందు మెర్విన్ ట్రెజైస్, ఇంకో మాట లేదు అన్నాం. నేను నీకిచ్చిన మాట మర్చిపోలేదు. అప్పుడు ఈ కుర్రాడు లేచి నీ కబురు చెప్పాడు.”

“బెవన్, పై మీద ఈగ వాలింది.”

“నువ్వుండు డార్సీ. ఏం కబురు, బెవన్?”

“అదేరా, నువ్వు పంపిందే. వేన్‌ని గోల్ ముందు తప్ప ఇంకెక్కడా రాయలేరు, నన్నైతే ఎక్కడైనా రాయొచ్చు, బెంచీ మీదైనా సరే, ఆ చోటు వేన్‌కి ఇవ్వండి అని. జాయిస్ వెక్కి వెక్కి ఏడ్చింది. సాయంత్రం దాకా నీతో అనకూడదని మా అందరి చేతా ఒట్టు వేయించాడు వీడు, నువ్వు సిగ్గుపడతావని. ఒక మనిషి ఒకే చోటుని రెండుసార్లు వదులుకున్నాడని ఇవాళ ఊరంతటి ముందూ చెప్తాను. నూరేళ్లలో ఎవడు చేశాడురా అలాంటి పని?”

“డార్సీ, ఇటు తిరుగు.”

“మెర్వ్? వాణ్ణెందుకు చూస్తున్నావు? నువ్వు అనలేదా ఆ మాట?”

“షెరిల్ వస్తోందా సాయంత్రం?”

“వేన్ వాళ్లావిడా? రాకుండా ఎలా ఉంటుంది? ముందు వరసలో కుర్చీ వేశాం. నిన్న జుట్టు కూడా చేయించుకుందట. ఆయన పోయాక ఆవిడ ఈ క్లబ్బు గదిలోకి రావడం ఇదే మొదటిసారి.”

“అన్నాను.”

“ఏంటి?”

“ఆ మాట నేనే అన్నాను అంటున్నా. పై ఇలా ఇచ్చి వెళ్లు. పోయి నీ ఉపన్యాసం చూసుకో.”

“నువ్వు మనిషివి కాదురా మెర్వ్, దేవుడివి.”

“వెళ్లు బెవన్.”

“వెళ్తున్నా, వెళ్తున్నా. డార్సీ, ఈయన్ని అయిదింటికల్లా లోపలికి తీసుకురా. పారిపోతాడు, చూసుకో.”

“...వెళ్లాడు, పెద్దాయనా.”

“నాకు కళ్లున్నాయి.”

“ఆ ఉత్తరం...”

“దాన్ని ముట్టుకోకు.”

“నువ్వు నా కోసం...”

“నీ కోసం కాదు. మీ అమ్మ కోసం. నీ కోసమైతే ఆ కిటికీలోంచి బయటికి విసిరేసేవాణ్ణి.”

“తెలుసు.”

“తొమ్మిదేళ్లకి నాన్న పోతే నీకు బంతి తన్నడం నేర్పింది ఎవరు?”

“నువ్వే.”

“పదమూడేళ్లు మా టేబుల్ దగ్గర కూర్చుని తిన్నావు. గంట నుంచి ఈ సీట్లో కూర్చుని, నేను బెవన్‌ని నానా మాటలూ అంటుంటే విన్నావు. వాడు కాదని తెలిసి విన్నావు. టీ పోయనా అన్నావు.”

“అవును.”

“జోకు వెయ్యి. ఇప్పుడు వెయ్యి ఒకటి.”

“రావట్లేదు.”

“ఒక్కటి చెప్పు చాలు, ఇంకేం అడగను. మా ఇంటికొచ్చి, ఆ చోటు మా నాన్నకివ్వు మెర్వ్ అని ఒక్కసారి అడగొచ్చుగా? ఎందుకడగలేదు?”

“అడగడానికే వచ్చాను. రెండుసార్లు. రెండుసార్లూ నువ్వా తొంభై ఆరు గోల్స్ ఒక్కొక్కటే చెప్పుకొచ్చావు, కుర్చీలోంచి లేచి తన్ని చూపించావు. అడిగితే ఇవ్వవని అర్థమైంది. అందుకే అడగలేదు.”