ఊరేగింపు రోజున పుట్టినరోజు

ఎంతసేపలా గోడకేసి చూస్తూ కూర్చుంటావు వదినా? తిట్టు. నాలుగు తిట్టేస్తే నా దారిన నేను పోతాను. సెలవని బస్సులు కూడా లేవు, అంత దూరం నడిచొచ్చాను, కాళ్ళు పీకేస్తున్నాయి.

అవును, చూశావు. నేను పార్కు రెయిలింగుకి లోపల, నెత్తిన కాగితం టోపీ, చేతులకి కేకు క్రీము. నువ్వేమో అన్నయ్య ఫోటో గుండెలకి పట్టుకుని రోడ్డు మీద ఊరేగింపులో, ఆ ఎండలో. నా చోట ఎవర్ని నడవమన్నావు? ఎవర్నీ లేదా? పక్కన ఖాళీగానే వదిలేశావా?

వస్తాననే అన్నాను. కాదనను. ఏటా ముందు వరసలో మనిద్దరమే కదా.

మరి నా కొడుకేమన్నాడో తెలుసా? మనవరాలి పుట్టినరోజు అసలు గురువారం. వాడికి బస్సు డ్యూటీ, కోడలికి ఆసుపత్రి డ్యూటీ. ఇద్దరికీ కలిసొచ్చే సెలవు ఇదొక్కటే. "అది మావయ్య పోయిన రోజురా, ఆ రోజు కేకేంటి?" అన్నాను. దానికి వాడు, "మావయ్య ప్రాణం పోయింది మనం ఆ పార్కులో కూర్చోవడం కోసమేగా అమ్మా. కూర్చుందాం," అన్నాడు.

నువ్వైతే ఏం చెప్పేదానివి? నాకు వాదించే ఓపిక లేదు. లాండ్రీలో తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ భుజాలు పడిపోయాయి. సరేలే, కాసేపు వాళ్ళతో ఉండి, ఊరేగింపు అటొచ్చేసరికి గేటు దగ్గర నీతో కలుద్దామనుకున్నాను.

తీరా వెళ్తే, వాడు సామాను దించింది ఎక్కడనుకున్నావు? ఫౌంటెన్ పక్కనున్న ఆ బెంచీ దగ్గరే. ఏ బెంచీయో వాడికి తెలీదు పాపం, మనమెప్పుడు చెప్పాం గనక. అప్పట్లో మనవాళ్ళు ఆ గేటు దాటితేనే నేరం. ఆ బెంచీ మీద కూర్చున్నాడనే కదా అన్నయ్యని పోలీసులు కర్రలతో కొట్టి ఈడ్చుకుపోయారు. మనిషిని తీసుకెళ్ళి శవాన్నిచ్చారు. ఇవాళ దానికి బెలూన్లు కట్టారు వదినా. నా మనవరాలు దాని మీదెక్కి గెంతుతోంది.

నాకు కోపం రావాలి కదా? రాలేదు. నవ్వొచ్చింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఇంతలో డ్రమ్ముల చప్పుడు. పిల్ల రెయిలింగు దగ్గరికి పరిగెత్తింది, దాని వెనకే నేనూ. నువ్వు ఎదురుగా ఉన్నావు. నీ చూపు నా టోపీ మీద పడడం కనబడింది. నువ్వాగలేదు, నేను పిలవలేదు.

నీకు వినబడనిది ఒకటుంది. అది చెప్పడానికే వచ్చాను. పిల్ల నా చెయ్యి లాగి, "నానమ్మా, ఆ ఫోటోలో అన్నయ్య ఎవరు?" అంది. అన్నయ్యట. అందులో అంత చిన్నవాడే కదా మరి.

"ఎవరో లేమ్మా," అన్నాను.

అంతే. నా తోడబుట్టినవాణ్ణి పట్టుకుని ఎవరో అన్నాను. మా అన్నయ్యని చెబితే ఎలా పోయాడంటుంది. ఎక్కడంటుంది. చెప్పాక మళ్ళీ ఆ బెంచీ ఎక్కుతుందా? తెలీదు కాబట్టే కదా అంత హాయిగా గెంతింది. అది అలా గెంతడానికే ఆయన పోయాడో, ఎందుకు గెంతగలుగుతోందో దానికి తెలియాలని పోయాడో... దారి పొడుగునా ఇదే ఆలోచించాను. తెగలేదు.

అన్నయ్య ఉంటే ఏమనేవాడో నాకు తెలీదు. ఆయనతో కాపురం చేసినదానివి, నీకు తెలుసేమో.

చెప్పవా? సరే, చెప్పకు. పొద్దున్నే డ్యూటీ ఉంది. వెళ్తాను.