డోన్ బ్రాంచిలో కర్పూరం

హలో… ఆ, నేనేనప్పా, డోన్ బ్రాంచి ఏజెంటు వెంకటరమణయ్యను. కర్నూలేనా? వీరభద్రయ్యగారికి ఇయ్యి… బావా, మీరేనా? కొంప మునిగింది.

…కాదు కాదు, ఇంట్లో అందరూ బాగుండారు. మీ చెల్లెలు బాగుండాది. మునుగుతాండేది మీరు పెట్టిన మన బ్యాంకు.

…గట్టిగా మాట్లాడలేను బావా. వాకిట్లో నూటయాభై మంది ఉండారు, పాసుబుక్కులు పట్టుకోని.

…ఎందుకేంది! మీరే గదా చెప్పింది, బ్యాంకును చూస్తానే జనానికి నమ్మకం కలగల్ల, నేలకు బేతంచెర్ల బండలు వేయించు అని. వేయిస్తాండా. బండలు వేయల్లంటే ఇనప్పెట్టె కదిలించల్ల గదా? పొద్దున్నే ఎద్దులబండి మీదికి ఎక్కించి బయట పెట్టినా…

…ఆ. ఇడ్లీలమ్మే నాగక్క చూసింది. "పెట్టె కర్నూలుకు పోతాండాది" అనింది. ఆ మాట మార్కెట్టు దాకా పోయేలోపల మీరు ఐపీ పెట్టి దివాలా గూడా తీసేసినారు.

…మీరు తీయలేదని నాకు తెలుసు! ఊర్లోవాళ్లు తీయించినారు.

…చూపించినా బావా. పెట్టె తలుపు తెరిచి మరీ చూపించినా. అదే తప్పయిపాయ. లోపల అంత తక్కువ ఉంటాదని ఎవరూ అనుకోల్యా.

…అదే చెప్పినా. "బ్యాంకులో దుడ్లు పెట్టెలో కూచోవు, అప్పులకింద పోయి తిరుగుతాంటాయి" అని. "అట్లయితే నావి ఇప్పుడు యాడ తిరుగుతాండాయో చెప్పు, పోయి పట్టుకొస్తా" అంటాడు ఓబులేసు.

…నవ్వొద్దు బావా. యుద్ధం ముందర ఆ మద్రాసు బ్యాంకు మూతపడినప్పుడు మా నాయన మూడు దినాలు దాని అరుగు మీదనే కూచున్నాడు. ఆ మొగం నేను చూసినా. ఈళ్లందరి ఇండ్లకూ తిరిగి, నన్ను చూసి ఇయ్యండి అని డిపాజిట్లు తెచ్చింది నేను. నాకు భయంగా ఉండాది.

…ఇప్పటిదాకా పదకొండు మందికే ఇచ్చినాము. కౌంటరులో పుల్లయ్య ఉండాడు గదా, నిదానంగా ఇయ్యమన్నా. అణాకు ఆరు కొత్త పైసలా, ఆరుంబావా అని ఒక్కొక్కరితో పావుగంట వాదిస్తాండాడు. ఆ మనిషికి జీతం పెంచల్ల బావా… సరే సరే, తర్వాత చూద్దాం.

…ఆగండి, అసలు చిక్కు చెప్పల్యా. పన్నెండో మనిషి మీ అమ్మ.

…అవును, సుబ్బలక్ష్మమ్మే. మా అత్తే.

…మొత్తం మూడు వేలూ కావల్లంట. కన్నతల్లే తీసుకుంటే కడమవాళ్లు ఊరుకుంటారా? ఆమె ఉత్తచేతులతో ఇంటికి పోతే అందరూ పోతారు.

…చెప్పకుండా ఉంటానా? "ఆయన మీ కొడుకు గదత్తా" అన్నా. "అందుకే" అనింది.

…ఉండండి, ఈడికే వస్తాండాది. — రండత్తా. ఆ, మీ కొడుకే. — బావా, ఫోను ముట్టుకోదంట. మీతో మాట్లాడితే కరిగిపోతాదంట. నన్నే అడగమంటాండాది… డిపాజిట్ల దుడ్లు శెనక్కాయల సట్టా జూదంలో పెట్టినారా అని.

…నేను కాదు బావా! ఆమె అడుగుతాండాది.

…"లేదు" అంటాండాడత్తా. — నమ్మదంట. ప్రమాణం చేయల్లంట.

…ఫోన్లో ఎట్లంటే — అయ్యో అత్తా, ఆ బల్ల మీద కాయితాలుండాయి! — కర్పూరం ఎలిగించేసింది బావా, టెలిఫోను పక్కనే. అహోబిలం నరసింహస్వామి మీద మీరు ఆ మాట చెప్పల్లంట. మీ తరపున నేను చేత్తో కర్పూరం ఆర్పల్లంట. ఆర్పితే పాసుబుక్కు సంచిలో పెట్టుకోని ఇంటికి పోతాదంట. కిటికీ నిండా తలకాయలే బావా, అందరూ చూస్తాండారు. ఒక్క మాటతో బ్యాంకు నిలబడతాది. ఇదో, చెయ్యి ఎత్తినా. చెప్పండి.

…హలో?

…బావా, కర్పూరం అయిపోతాండాది.

…లైను సరిగ్గా లేదా? ఇంతసేపూ బాగనే వినపడె గదా!

…పోనీ "ఊ" అనండి చాలు, ఆర్పేస్తా.

…"ఎంత పెట్టినానని గూడా అడిగిందా" అంటే… ఏంది బావా ఆ మాట?

…హలో! హలో!

…ఎవరూ, ఎక్స్ఛేంజీనా? ఏమప్పా, కర్నూలు లైను తెగినట్టుండాదే?… తెగలేదా?… ఆయనే పెట్టేసినాడా… వద్దులేప్పా, మళ్లీ కలపొద్దు.

— పుల్లయ్యా! పైసల వాదన చాలించి నోట్లు తియ్యి. ఉన్నంతవరకూ ఇద్దాం. ముందర చిన్న బుక్కులోళ్లకు. నాగక్కతో మొదలుపెట్టు… అత్తా, మీరు వాళ్ల వెనకాల నిలబడండి… నేనా? మీ వెనకాల. నాదీ ఈ బ్యాంకులోనే ఉండాది.