సిద్ధమ్మ లింగం

సిద్ధమ్మ మెడలో లింగం ఉండేదంట. వాళ్ళది లింగం కట్టే కులం. గురువొచ్చి కట్టినాడంటే ఇంక అది ఒంటి మీద నుంచి దిగేది లేదు, చచ్చినా దాంతోనే పూడుస్తారు. మొగుడు సంగప్పకూ లింగం ఉండేది, ఊరి పెత్తనమూ ఉండేది. లింగం కంటే పెత్తనమే ఆయనకు ముద్దనుకో. ఏమైందంటే, అది పాలెగాళ్ళ కాలం గదా, పాలెగాడి దగ్గరికి తూర్పు నుంచి కొత్త గురువొకాయన దిగినాడంట. శివుడూ లేదు గివుడూ లేదు, నామం పెట్టుకోండి, భుజాల మీద శంఖం చక్రం కాల్పించుకోండి, అప్పుడే మోక్షం అన్నాడంట. పాలెగాడు కాల్పించుకున్నాడు. ఇంక పెద్దమనుషులు ఆగుతారా? పెండ్లి పంక్తికి ఎగబడినట్టు ఎగబడినారు. అందరికంటే ముందు మన సంగప్ప. లింగం ఏట్లో ఇసిరేసి, లింగం కట్టే జంగాలను ఊర్లోంచి తరిమి, నెయ్యికుండ తీసుకపోయి గురువు కాళ్ళకాడ పెట్టి, 'సామీ, భుజాన కాలిస్తే పైగుడ్డ కింద మూసుకపోతాది, దొరకెట్ల కనపడతాది? ముంజేతి మీద ఎయ్యండి' అన్నాడంట! గురువుకేం పోయింది, కాలేది ఆయన చెయ్యా? చుర్రుమని ఏసినాడు. సంగప్ప కాస్తా రంగదాసైనాడు.

ఇంటికొచ్చి, చెయ్యి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటా, ఏమే, రేపు నువ్వూ రావల్ల, ఇల్లంతా మారకపోతే పెత్తనం మా దాయాదికి ఇచ్చేస్తారంట, తియ్యి ఆ లింగం, అన్నాడంట. ఆమె రాగులు విసురుతా ఉంది. తిరగలి ఆపలే. 'తాళి నువ్వు కట్టినావు, కావల్లంటే తెంపుకపో. ఇది మా గురువు కట్టినాడు, అడిగేదానికి నువ్వెవరు?' అనిందంట. అంతే, ఆమెను పశువుల కొట్టంలోకి తోసి, పుట్టింటికి పోయిందని గురువుకు చెప్పినాడు. ఊరికి తెలీదా? కొట్టం మీద పొద్దున్నే లేచే పొగ గొడ్లు పెట్టే పొయ్యిదా? తెలుసు. కానీ ఎవురూ నోరిప్పలే. అందరి భుజాలూ మండుతాండాయి గదా.

ఉన్నట్టుండి ఆ పాలెగాడు పోయినాడు, తమ్ముడొచ్చినాడు. వీడు లింగం కట్టినోడు. నామం చూస్తే నిప్పు తొక్కినట్టు ఎగురుతాడు. ఊరూరా పెత్తందార్లను చూసుకుంటా వస్తాండాడని కబురొచ్చింది. నామమంటే కడుక్కుంటావు, కాలిన మచ్చ దేంతో కడుగుతావు? కొత్త లింగం కడదామంటే జంగాలేరీ? సంగప్ప కొట్టం కాడికి ఉరికినాడంట. 'సిద్ధమ్మా, నా తల్లీ, నీ లింగం ఒక్క పూట ఇయ్యే, దొర పోతానే తెచ్చిస్తా.' ఆమె పేడచేత్తోనే నిలబడి, 'బాడుగకు తోలుకపోవడానికి ఇదేమన్నా ఎద్దా? నా పానం ఉండంగ ఇది దిగదు. చంపి తీసుకుంటావా, రా' అనిందంట. వచ్చినదానికంటే బిరీన పోయినాడు.

రోళ్ళు పగిలే రోహిణి ఎండలో దొర దిగితే, పెద్దమనుషులంతా గొంగళ్ళు కప్పుకోని నిలబడినారంట! చెమటలు కారతాండాయి. 'ఏమప్పా, ఊరంతా చలిజరమా?' అని దొర ఒక్కొక్కని గొంగడి ఊడబెరికించినాడు. శంఖాలూ, చక్రాలూ! సంగప్పకైతే ముంజేతి మీద దివ్యంగా. దొర కడుపు పట్టుకోని నవ్వి, మారనోళ్ళు ఒక్కరన్నా లేరా ఈ ఊర్లో అంటే, జనం కొట్టం చూపించినారు. ఆమె వచ్చింది. జరిగిందంతా విన్నాడు. ఇంక పెత్తనం సిద్ధమ్మదే అని ఊరంతా అనుకుంది. మీరూ అనుకుంటాండారు గదా? దొర ఆమెకు దండం పెట్టి, మళ్ళీ సంగప్ప దిక్కు తిరిగి, 'పెత్తనం నువ్వే చేసుకో. ఈమె మా అన్న మాటకు తిరగలే, రేపు నా మాటకు మాత్రం తిరుగుతాదా? నాకు చెప్పినట్ల తిరిగేవాడే కావల్ల' అన్నాడంట! సిద్ధమ్మ ఫక్కున నవ్వి, 'ఆ దండం కూడా ఆయనకే పెట్టు దొరా' అని ఎనక్కి కొట్టంలోకే పోయింది. ఇంట్లోకి రమ్మంటే చచ్చేదాకా రాలే.

సంగప్ప మాత్రం ఆ దినం నుంచి అడ్డబొట్టు పెట్టుకోని, రచ్చలో కూర్చోని, ఎవురు ఏమైనా గానీ, మా ఇంట్లో లింగం ఏనాడూ కదల్లే అని చెప్పుకునేవాడంట. అబద్ధమంటామా? కొట్టం కూడా ఆయన ఇంట్లోదే గదప్పా!