బిళ్లల పెట్టె

ఇంటి వెనక రేకుల షెడ్డు. ఇనుము చెక్కే చిన్న లేతు మిషను ముందు అన్నదమ్ములిద్దరు. అన్న ముప్పయ్యేళ్లు లేతు తిప్పిన టర్నరు. తమ్ముడు ఆఫీసు గుమాస్తా. సరదాకి లేతు కొని నాలుగు నెలలైంది.

“...ఇవేంట్రా, నగల్లా దూదిలో పెట్టిచ్చాడు?”

“కార్బైడ్ బిళ్లలన్నయ్యా. ఇనుము కోసే టూలు చివర బిగించుకోవడమే. సానపట్టే పని లేదు.”

“అన్నం నమిలి నోట్లో పెట్టేవాణ్ణి కూడా తెచ్చుకోలేకపోయావా?”

“కొట్టతను...”

“వాడికేం, అమ్ముకునేవాడు. కుట్టుమిషనంత లేతు నీది. వీటి అంచు మొద్దు. పెద్ద మిషను బలంతో నెడితే గానీ ఇనుము తెగదు. సాయంత్రంలోగా వెనక్కిచ్చెయ్.”

“నువ్వనేవి వేరే. ఇవి అల్యూమినియం కోసం చేసినవి, అంచు మంచి పదును. ఇనుమూ తెగుతుంది. చిన్న లేతుకి ఇవే...”

“నాకు చెప్తున్నావా? ఇవాళ్టికీ ఆరు లేతు షాపుల టూళ్లు సానకి నా దగ్గరికే వస్తాయి. సొంత తమ్ముడే బిళ్లలు కొన్నాడని తెలిస్తే రేపు వాళ్లూ కొంటారు. నేను గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనా?”

“అది కాదన్నయ్యా.”

“ఏది కాదు? ఫైళ్లు కుట్టుకునేవాడివి, నువ్వు నాకు అంచు గురించి పాఠం చెప్తావు.”

“సరే. ఈ రెండు కడ్డీలూ గోటితో గీరి చూడు. ఒకటి సానపట్టిన స్టీలు టూలుతో తీశాను, ఒకటి బిళ్లతో. ఒకే ఇనుము, ఒకే స్పీడు.”

“ఇది... ఛీ. ఎలుక కొరికినట్టుంది. ఇదీ నీ బిళ్ల బాగోతం. రెండోదిటివ్వు. ఆ... వెన్న. చేత్తో సానపట్టిన టూలంటే ఇదిరా.”

“నున్నది బిళ్లతో తీశాను.”

“మార్చి ఉంటావు.”

“బిళ్లతో తీసినదాని చివర రంగు పూశాను. మారలేదు.”

“అయితే ఆ స్టీలు టూలుకి ఎవడో చవట సానపట్టాడు. నువ్వేనా?”

“నేను కాదు. పోనీలే.”

“పోనీలేంటి? ఎవడో చెప్పు. అలాంటివాణ్ణి మా ఫ్యాక్టరీ గేటు కూడా దాటనిచ్చేవాళ్లం కాదు.”

“పోనీ అన్నాగా.”

“ఎవడ్రా?”

“మొన్న ఆదివారం నువ్విచ్చిన టూలే అది.”

“ఆ టూలిలా తే.”

“అన్నయ్యా, అంచు కనబడుతోందా నీకు?”

“షాపులవాళ్లేమైనా అన్నారా?”

“నీ చూపెలా ఉందని ఇద్దరు అడిగారు. నాకేం తెలీదన్నాను.”

“ఏడాదిగా వేలితో తడిమే సానపడుతున్నాన్రా. మీ వదినకి తెలియనివ్వకు.”