బావ సంతకం

ఎందుకలా దాచేస్తావు, నేనేమన్నా ఎత్తుకుపోతానా? పన్నులవాళ్ళ నోటీసేగా. ఇలా తే. అబ్బే, ఈ అక్షరాలు నా కళ్ళకి ఆనవు, నువ్వే చదువు. ఊఁ. ఊఁ. సరే, వివరణ ఇమ్మన్నాడు, అంతేగా. ఏం చేద్దామని? నువ్వే ఏదో నాలుగు ముక్కలు రాసి పంపేస్తావా? లెక్కలు తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్తే మన గుట్టంతా చెప్పుకోవాలి, అదీ నీ బాధ. చూడు, అచ్చం ఈ మాటే అంది మా అక్క. నువ్వు చూళ్ళేదులే ఆవిణ్ణి. మీ నాన్న నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లోనే పోయింది. పరుపుల కొట్టు అత్త అని వాణ్ణడుగు, చెప్తాడు. ఆ కొట్లో దూది గుట్ట మీదెక్కి దూకి, ముక్కుల్లోకీ చెవుల్లోకీ దూది పోయి, రెండు రోజులు తుమ్ముతూనే ఉన్నాడు వెధవ.

కొట్టు మా బావది. ముందుగది అంతా పరుపులూ దిళ్ళూ, వెనకగదిలో దూది ఏకేవాళ్ళు, పక్కన మెట్లెక్కితే వాళ్ళ కాపురం. బావ మనిషి నెమ్మది. దబ్బనం పట్టుకుని కూర్చుంటే పక్కన పిడుగు పడినా తలెత్తేవాడు కాదు. అక్క దానికి పూర్తిగా ఎదురు, నోరు ఊరుకునేది కాదు. బేరాలన్నీ ఆవిడే. "పక్క కొట్లో తక్కువకిస్తున్నారమ్మా" అని ఎవరన్నా అంటే, "అవును నాయనా, ఆ పరుపు మీద పడుకున్నవాడు తెల్లారేసరికి నడుం పట్టుకుని నా దగ్గరికే వస్తాడు" అనేది. అలాంటి మనిషి. ఇద్దరికీ పిల్లల్లేరు. ఆవిడకి ఆయన, ఆయనకి ఆవిడ, అంతే లోకం.

తర్వాత బావకి వణుకుడు జబ్బు పట్టుకుంది. ముందు దబ్బనం జారిపోయేది, ఆ తర్వాత గ్లాసు, ఆ తర్వాత కలం. కాగితాలన్నీ ఆయన పేరునే కదా, సంతకం ఆయనే పెట్టాలి. అప్పుడు అక్క వెనక నిలబడి, ఆయన చేతిని తన చేత్తో పట్టుకుని పెట్టించేది. నేను చూశాను. పసిపిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టుండేది. ఆయన నవ్వేవాడు, "నా సంతకం నాకంటే నీకే బాగా వచ్చేసిందే" అని. నిజంగానే వచ్చేసింది. ఆయన పోయాక కూడా ఆవిడ చెయ్యి ఆ సంతకం పెడుతూనే ఉంది.

అదేం మోసం చేద్దామని కాదమ్మాయ్, నీకలా అనిపిస్తుందేమో. పేరు మార్చడానికని ఆఫీసులకెళ్తే కొట్టు మూయిస్తారని ఎవడో చెవిలో వేశాడు. ఈవిడ బెదిరిపోయింది. ఒక కాగితం, ఇంకో కాగితం, అలా అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఇంకో సంగతి కూడా ఉంది. దూది లారీవాళ్ళు కొత్తవాళ్ళెవరన్నా వచ్చి "మేస్త్రీ గారు లేరా" అంటే, "పైన పడుకున్నారు" అనేసేది. అలా అన్నప్పుడు ఆవిడ మొహంలో ఒక నిమ్మళం కనబడేది. నేనది చూసి నోరు మూసుకునేవాణ్ణి. ఏమనను చెప్పు.

అలాంటప్పుడొచ్చింది నోటీసు. బావ పేరున. మీరు కొన్న దూదికీ అమ్మిన పరుపులకీ పొంతన లేదు, మిగతా పరుపులు ఏం చేశారు, వివరణ ఇవ్వండి, మీరే స్వయంగా రండి అని. అక్క నాకు చూపించకుండా నాలుగురోజులు దాన్ని రవికెలో పెట్టుకు తిరిగింది. నా కంటబడ్డాక, "నేనే రాసేస్తాలేరా, ఇన్నాళ్ళూ రాయలేదా" అంది. లెక్కలు తెలిసిన మనిషితో రాయిద్దామని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చివరికి సరేనంది. కానీ మన వీధి మొదట్లోనే ఆడిటరు ఉండగా, ఆయన దగ్గరికి వద్దంటే వద్దంది. వంతెన అవతల, మనల్ని ఎరగని ఆడిటరు దగ్గరికైతేనే వస్తానంది. ఎందుకో నాకప్పుడు తట్టలేదు. మన వీధి ఆడిటరు బావని కాటిదాకా సాగనంపడానికి వచ్చిన మనిషి మరి.

ఆ అవతలి ఆడిటరు బక్కపలచటి మనిషి. గదిలో ఫ్యాను వేసేవాడు కాదు, కాగితాలు ఎగురుతాయని. చెమటలు కక్కుతూ కూర్చోవాలి ఆయన ముందు. నోటీసు చదివి, "ఇందులో భయపడాల్సిందేం లేదమ్మా. అసలు మీ కొట్లో పనెలా జరుగుతుందో చెప్పండి" అన్నాడు. అక్క చెప్పింది. జనం సగంమంది కొత్త పరుపు కొనరు కదా, పాత పరుపు తెస్తారు. దాన్ని విప్పి, దూది ఏకి, నలిగిపోయినంత తీసేసి, కొత్త దూది కలిపి మళ్ళీ కుడతారు. దానికి కూలి రాస్తారు కానీ పరుపు అమ్మినట్టు రాయరు. "అదే, ఆ దూదే వీళ్ళకి లెక్క తేలలేదు" అని ఆయన నవ్వాడు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడడిగాడు, "నోటీసు మీవారి పేరున ఉంది. ఆయనేరీ?" అని. మా అక్క తడుముకోకుండా, "మంచంలో ఉన్నారండీ, కదల్లేరు" అంది. ఆయన అయ్యో పాపం అన్నాడు. ఆయన తరపున తనే హాజరవుతానని ఓ కాగితం రాసిచ్చి, సంతకం పెట్టించి తెమ్మన్నాడు. మర్నాడు పెట్టించి తెచ్చింది. పెట్టించడమేమిటి నా మొహం.

ఇక పిలిచిన రోజు వెళ్ళాం. పొడుగాటి వరండా, బల్లలు, గోడలకి జనం తలలానుకున్న జిడ్డు మరకలు. ఆ అధికారి చెడ్డవాడేం కాదు. ఆడిటరు చెప్పిందంతా విన్నాడు, పాత పరుపు ఎలా విప్పుతారో అక్కని అడిగి మరీ తెలుసుకున్నాడు. "బాగానే ఉంది. కానీ ఆయన నోటి మాట ఒకటి కావాలి. పాపం రాలేరన్నారుగా, మా ఇన్‌స్పెక్టరే రేపు పొద్దున మీ ఇంటికొస్తాడు, మంచం దగ్గరే రెండు మాటలు అడిగి రాసుకుంటాడు" అన్నాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. ఆడిటరు కూడా "చాలా సంతోషమండీ" అన్నాడు. నేను అక్క వైపు చూశాను. బయటికొచ్చాక మెట్ల మీద కూలబడింది. ఆడిటరు ఎండకనుకుని మంచినీళ్ళు తెప్పించాడు. అప్పుడన్నా చెప్తుందేమోనని చూశాను. చెప్పలేదు. నన్ను చెప్పనీయలేదు, చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికెళ్ళగానే పైగదిలోకెళ్ళి బావ మంచం మీద కొత్త పరుపు వేసింది, దుప్పటి పరిచింది, పక్కన స్టూలు మీద మందుసీసాలు పెట్టింది. "నువ్వు పడుకోరా" అంది. నాకర్థం కాలేదు. "నువ్వూ ఆయనా ఒకటే పొడుగు. గోడవైపు తిరిగి పడుకో. మాట పడిపోయిందని నేను చెప్తా. వాడేమడిగినా మూలిగితే చాలు" అంది. నీకు నవ్వొస్తోంది కదూ. నాకు మాత్రం నవ్వు రాలేదు. దొరికితే ఇద్దరం జైలుకే. అదే అన్నాను. "కొట్టు పోతే నేను బతికేం చెయ్యనురా" అంది. ఆ మొహం చూస్తూ కాదనలేకపోయాను. వెళ్ళి పడుకున్నాను. చచ్చినవాడి మంచం మీద, చచ్చినవాడి దుప్పటి కప్పుకుని. అక్క దుప్పటి భుజాల దాకా లాగి సర్దింది. దిండు కింద చెయ్యి పెట్టి కాస్త పైకెత్తింది. "ఎత్తు చాలా" అని అడిగింది. ఆ గొంతు నా కోసం కాదమ్మాయ్, నన్నడిగిన గొంతు కాదది. ఇంకోసారి, "ఏమండీ, ఎత్తు చాలా" అంది.

దుప్పటి తోసేశాను. లేచి కూర్చున్నాను. అక్క నన్ను చూసి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి, అలాగే నిలబడిపోయింది. కాసేపటికి, "పదరా, ఆడిటరు గారింటికెళ్దాం" అంది.

ఆయన అప్పుడే భోజనానికి కూర్చోబోతున్నాడు. అంతా విన్నాడు. తిడతాడనుకున్నా. తిట్టాడు కూడా, కానీ గొంతు పెంచకుండా. "ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉందమ్మా. లేని మనిషి తరపున నన్ను మాట్లాడించారు. మీ పరుపుల లెక్క శుభ్రంగా ఉంది, దానికి మీరు ఈ బురద పూశారు" అన్నాడు. మేం వెళ్ళిపొమ్మంటాడనుకుని లేచాం. "కూర్చోండి. రేపు వాళ్ళు వచ్చాక బయటపడితే నేనేం చెయ్యలేను. ఆఫీసు తెరవగానే మనమే వెళ్ళి చెప్పాలి" అన్నాడు. నీకెందుకు బెంగ, జైలూ లేదు గియిలూ లేదు. వెళ్ళాం, అధికారి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు, జరిమానా వేశాడు, ఆడిటరు పక్కనే నిలబడి చెప్పాల్సింది చెప్పాడు, కొట్టు అక్క పేరుకి మారింది. పోయేదాకా నడిపింది. అది కాదు నేను చెప్పొచ్చేది.

ఆ రాత్రి ఆయన భోజనం పక్కనపెట్టి, కొత్త వివరణ అక్క చేతే రాయించాడు. ఆయన చెప్తున్నాడు, ఈవిడ రాస్తోంది. నా భర్త ఫలానా నాడు చనిపోయారు, భయం చేత తెలియజేయలేదు, ఆయన సంతకాలు నేనే పెట్టాను అని. చేతులు వణకలేదు, గుండ్రంగా రాసింది. కింద సంతకం చెయ్యమ్మా అన్నాడు. చేసింది. ఆయన కాగితం తీసి చూసి, నా వైపు తిప్పాడు. బావ సంతకం అది. చనిపోయారని పైన రాసి, కింద ఆయన సంతకమే పెట్టింది.

తెలీకుండానే పెట్టేసింది పిచ్చిది. ఆడిటరు దాన్ని చింపేసి ఇంకో కాగితం ముందు పెట్టాడు. మళ్ళీ మొత్తం రాసింది. సంతకం దగ్గరికొచ్చి ఆగిపోయింది. తన సంతకం పెట్టి ఎన్నేళ్ళయిందో ఏమో. కలం అలాగే పట్టుకుని ఆయన్నడిగింది, "ఇది పెడితే ఆయన ఇంక లేనట్టేనా అండీ" అని. లేరమ్మా అన్నాడాయన. బావ పోయిన రోజు కంటతడి పెట్టని మనిషి, ఆ పరాయి ఇంట్లో, ఆ ఉక్కలో, బల్ల మీద తల పెట్టుకుని... 

ఆ కిటికీ తెరువమ్మా కాస్త. గాలాడటం లేదు.