అవతలివారు పెట్టేసేవరకు

1984వ సంవత్సరం జూలై తొమ్మిదవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, మన టెలిఫోన్ కార్యాలయపు ఎంక్వయిరీ విభాగంలో, కిటికీ పక్కనున్న ఎనిమిదవ కుర్చీలో కూర్చుని, ఇరవై రెండేళ్ల ఒక యువతి హెడ్‌సెట్ తలకు తగిలించుకుని తొలి పిలుపు అందుకున్నారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన సీనియర్ ఆపరేటర్, మనమందరం చనువుగా ‘నంబరమ్మగారు’ అని పిలుచుకునే సహోద్యోగిని ఆవిడే. ఎవరి నంబరు కావాలని అడిగినా వెతికి చెప్పడమే ఆ విభాగం విధి. నమస్కారంతో మొదలుపెట్టాలని, ఎంతటివారిమీదా విసుక్కోకూడదని, అవతలివారు ఫోన్ పెట్టేసేవరకు మనం లైన్ కట్ చేయరాదని ఆనాటి సూపర్‌వైజరుగారు ఆమెకు మొదటిరోజే బోధించారట. మొదటి రెండూ మేమూ పాటించామనే చెప్పుకుంటాం. చివరిదాన్ని ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తప్పనివారు మాత్రం ఆమె ఒక్కరే.

2001లో నేను ఉద్యోగంలో చేరి ఆమె పక్కన ఏడవ కుర్చీలో కూర్చునేనాటికే ఈ ఊరి నంబర్లన్నీ ఆమెకు కొట్టినపిండి. కొత్త డైరెక్టరీ వచ్చిన నెల తిరగకుండానే దాన్ని సొరుగులో పడేసి, అడిగినవారికి అడిగినట్టు నోటితోనే చెప్పేసేవారు. నంబరు కోసం ఫోన్ చేసినవారు నంబరుతో సరిపెట్టుకునేవారు కారు. పసిపిల్ల ఏడుపు ఆపడం లేదని ఒకరు, కుట్టుమిషన్ దారం తెగుతోందని ఒకరు ఆమెను సలహా అడిగేవారు. పెళ్లి కాని ఆమె పసిపిల్లల గురించి చెప్పే సలహాలు వింటూ, ఇద్దరు పిల్లల తల్లినైన నేను పక్కన కూర్చుని నోట్ చేసుకునేదాన్ని. 2003లో సూపర్‌వైజరుగా పదోన్నతి ఇవ్వబోతే, ఆ ఉత్తర్వును సవినయంగా తిరిగి పంపారు. పెద్ద ఆఫీసరుగారు పిలిచి కారణం అడిగితే, “ఆ కుర్చీకి హెడ్‌సెట్ లేదు కదండీ” అన్నారు. ఆయన ముక్కున వేలేసుకున్నారు.

కాలం మారింది. ప్రతి చేతిలోకీ ఇంటర్నెట్ వచ్చాక నంబరు చెప్పే మనిషితో పనేముంది? రోజుకు ఆరేడు వందల పిలుపులు మోగిన గదిలో పదీ పన్నెండు మిగిలాయి. ఏడాదికొకటి చొప్పున కుర్చీలు తీసేశారు. నన్ను రెండవ అంతస్తులోని ఫిర్యాదుల విభాగానికి మార్చిన రోజున, “రోజూ భోజనానికి కిందికే వస్తాను మేడమ్” అని మాట ఇచ్చాను. మొదటి వారం వెళ్లాను. తరువాత వారానికోసారి, ఆ తరువాత ఎప్పుడో ఒకప్పుడు. మిగతా ఏడు హెడ్‌సెట్లు కొక్కేలకు వేలాడే ఆ గదిలో ఆమె ఒక్కరే కూర్చుని ఫోన్ మోగడం కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలియదని చెప్పలేను. తెలుసు. తీరిక లేదనుకున్నాను. అభినందన సంచికలో ఇలాంటివి రాయవచ్చునో లేదో సంపాదకవర్గమే తేల్చుకోనివ్వండి.

రెండేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం, మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి ఆమే నా బల్ల దగ్గరికి వచ్చారు.

“నాకు ఇంటర్నెట్ నేర్పుతావా?”

ఇంకెంతో కాలం లేని ఉద్యోగానికి ఈ వయసులో ఇదెందుకు అని నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

“అక్కకి చెవులు పూర్తిగా పోయాయి. నేను ఫోన్ చేశానని మనవరాలు చెబితే ఎత్తుతుంది. తన సంగతులన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. చివర్లో, ‘నువ్వేమంటున్నావో నాకు వినపడట్లేదే, బాగున్నావనే అనుకుంటాను’ అని పెట్టేస్తుంది. ఉత్తరం రాస్తే, జవాబొచ్చేసరికి నేనేం అడిగానో నేనే మర్చిపోతున్నాను. మనవరాలు దానికి మెసేజ్‌లు పంపడం నేర్పిందట. ఇక రావాల్సింది నాకే.”

ఆ అక్కగారు ఆమెకంటే పదేళ్లు పెద్ద. తల్లి పోయాక జడలు వేసి, బడికి పంపి, పెంచిన మనిషి. రెండు రోజుల ప్రయాణం దూరంలో ఉంటారు. ఈ లోకంలో ఆమెకు తనవారంటూ ఉన్నది ఆవిడ ఒక్కరే. ఊరందరికీ గొంతుతో దారి చూపిన మనిషి గొంతు, చేరవలసిన ఆ ఒక్క చెవికీ చేరడం లేదు. అందుకే ఆ మెట్లెక్కి వచ్చారు.

మరునాటినుంచి భోజన విరామంలో ఎంక్వయిరీ గదిలోని కంప్యూటరు ముందు మా పాఠాలు మొదలయ్యాయి. నా తలప్రాణం తోకకొచ్చిందని ఒప్పుకోవాలి. మౌసును పట్టుకుంటే బాణం గుర్తు తెర మూలకు పోయి దాక్కునేది. పాస్‌వర్డ్ కొట్టేముందు నన్ను గోడవైపు తిరగమనేవారు. ఇక వెతికే పెట్టెలో ఆమె మొట్టమొదట టైపు చేసిన వాక్యం ఇది: ‘నమస్కారం. కీళ్ల నొప్పుల డాక్టరుగారి వివరాలు దయచేసి తెలుపగలరా?’ వివరాలు రాగానే మళ్లీ అదే పెట్టెలో ‘ధన్యవాదాలండీ’ అని టైపు చేశారు. దానికీ ఏవేవో వివరాలు వచ్చాయి. వాటికీ ధన్యవాదాలు చెప్పబోతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

మూడు వారాలకు ఆ కంప్యూటరు కదలడం మానేసింది. బాగుచేసే ఇంజనీరుగారు వచ్చి చూసి చేతులెత్తేశారు. తెర మీద ఎనభై మూడు కిటికీలు తెరిచి ఉన్నాయి.

“ఇన్నెందుకు తెరిచిపెట్టారు మేడమ్? పని అయ్యాక మూసెయ్యాలి కదా!”

“వాళ్లింకా పెట్టెయ్యలేదండీ” అన్నారు ఆమె, తప్పు చేసినవారిలా లేచి నిలబడి.

ఇంజనీరుగారు పగలబడి నవ్వారు. “అవతల ఎవరూ లేరు మేడమ్. అది మెషినే.”

ఆమె తెరవైపు తిరిగారు. “ఎవరూ లేరా?” అని, నెమ్మదిగా కూర్చుని, ఒక్కొక్క కిటికీనే మూయడం మొదలుపెట్టారు. ప్రతిదానికీ “ఉంటానండీ, ఉంటానండీ” అని గొణుగుతున్నారు. ఇంజనీరుగారు నవ్వు ఆపారు. నేను కూడా నవ్వానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నలభై రోజుల పాఠాల తరువాత ఒక గురువారం ఆమె అక్కగారికి తొలి మెసేజ్ పంపారు. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ ‘అక్కా, నేను’ అన్న రెండు మాటలు టైపు చేయడానికి పావుగంట పట్టింది. జవాబు అంతకంటే ఆలస్యంగా వచ్చింది.

‘ఏ నేను?’

పేరు చెప్పాల్సిన అవసరం ఆ గొంతుకు ఎన్నడూ రాలేదు. ఆమె మళ్లీ అక్షరాలు వెతుక్కున్నారు. ‘నీ చెల్లిని. వినపడుతోందా?’ అని పంపారు.

ఇద్దరం తెరవైపే చూస్తూ కూర్చున్నాం. భోజనం డబ్బాలు తెరవనేలేదు.

‘వినపడుతోంది’ అని వచ్చింది.

ఆమె హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, పైటకొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చారు. పంతొమ్మిదేళ్లుగా ఆమెను ఎరిగిన నేను ఆమె ఏడవడం చూసింది అదే మొదలు. తరువాత ఎంతసేపటికీ ఆమె ఆ కిటికీ మూయలేదు, నేనూ మూయమనలేదు. అక్కగారి పేరు పక్కన వెలిగే ఆకుపచ్చ చుక్క ఆరిపోయాకే లేచారు.

ఈ నెలాఖరుతో ఎంక్వయిరీ విభాగాన్ని కూడా మూసివేస్తున్నట్టు ఉత్తర్వులు వచ్చిన సంగతి అందరికీ తెలిసినదే. ఆమెతోపాటు ఆ గదీ విశ్రాంతి తీసుకుంటోంది. సోమవారం నుంచి ఆమె ఇంట్లో ఉదయం ఎనిమిది గంటలకు ఏదీ మోగదు. అక్కగారు రోజూ సాయంత్రం అయిదింటికి మెసేజ్‌లలోకి వస్తారు. మిగిలిన పగలంతా ఎవరు వస్తారు?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మొన్న ఆదివారం ఆమె నాకు ‘ఏం చేస్తున్నావు?’ అని మెసేజ్ పంపారు. పొయ్యి దగ్గర ఉండి చూశాను, తరువాత జవాబిద్దాంలే అనుకున్నాను, మరిచిపోయాను. మంగళవారం ఈ వ్యాసం రాయడానికి కూర్చుని, అవతలివారు పెట్టేసేవరకు లైన్ కట్ చేయని ఆమె గుణాన్ని నాలుగు సంస్కృత సమాసాలతో కీర్తిస్తుండగా చప్పున గుర్తొచ్చింది. కలం పక్కన పెట్టి, ‘మేడమ్, ఉన్నారా?’ అని పంపాను.

నేను ఫోన్ కింద పెట్టకముందే జవాబు వచ్చింది.

‘లైన్లోనే ఉన్నాను. చెప్పు.’

రెండు రోజులు. సమాసాలన్నీ కొట్టేసి, ఉన్నది ఉన్నట్టుగా ఇది రాశాను.

మాన్య సహోద్యోగినికి ఆ దేవుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, మెట్లకు భయపడని మోకాళ్లను, అక్కగారి సాహచర్యంతో నిండిన సుదీర్ఘమైన ఆయుష్షును ప్రసాదించాలని మనసారా ప్రార్థిస్తున్నాను. ఈ సంచిక చదివే సహోద్యోగులందరికీ ఒక విన్నపం. ఆమె ఫోన్ నంబరు చివరి పేజీలో ఉంది. ఇన్నేళ్లూ మనకు కావలసిన నంబర్లన్నీ ఆమెనే అడిగాం కదా, ఈ ఒక్కటీ మనమే రాసుకుందాం. రాసుకుని, పలకరిద్దాం. మేడమ్, సోమవారం ఉదయం ఎనిమిదింటికి మీకు వచ్చే తొలి పిలుపు నాది. ఈసారి ముందుగా మీరే పెట్టెయ్యాలి, నేను పెట్టను.