నా బండి ఇవ్వని కరెంటు

నా పేరు సీపాన కూర్మయ్య. తండ్రి అప్పన్న, కాలం చేశారు. వయసు నలభై మూడు. బ్యాటరీ ఆటో నడుపుతాను. ఉండేది శ్రీకాకుళం అరసవల్లిలో. నేను చెప్పేది నా మెడకే చుట్టుకోవచ్చని మేజిస్ట్రేటు గారు ముందే హెచ్చరించారు. ఆలోచించుకోమని కాసేపు బయట కూర్చోబెట్టారు. ఇంట్లోనే ఆలోచించుకుని వచ్చానని చెప్పాను.

మా స్టాండులో ఎనిమిది బ్యాటరీ ఆటోలున్నాయి. ఈ ఏడాది, అంటే 2019 వేసవిలో, ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు మాకు షెడ్డు వేసి ఛార్జింగు పెట్టెలు బిగించారు. సాయంత్రం అందరూ లైట్లు, ఫ్యాన్లు వేసేసరికి మా వీధి ట్రాన్స్‌ఫార్మరు మోయలేకపోయేది. ఆ వేళకు మా బండ్లు షెడ్డులో తగిలిస్తే, బ్యాటరీల్లో ఉన్న కరెంటు కొంత వెనక్కి లైనులోకి పోతుంది. ఊరు పడుకున్నాక ఆ లైనే మళ్ళీ బ్యాటరీలు నింపుతుంది. అందుకు బదులుగా మాకు ఛార్జింగు ఉచితం.

ప్రతి పెట్టె లోపల, ఎంత కరెంటు వెనక్కి పోవాలో తిప్పి పెట్టే ఒక నాబ్ ఉంటుంది. దాన్ని సగం గుర్తు దగ్గర ఉంచితే బ్యాటరీ సగం కంటే కిందికి దిగదు. బండి మీద ఛార్జింగు చూపించే గీతలు నమ్మడానికి లేదు. కదలక ముందు బాగానే చూపించి, బరువు పడగానే పడిపోతాయి. అందుకే అందరం ఆ నాబ్‌నే నమ్ముకున్నాం. పెట్టెల తాళంచెవి నా దగ్గరే ఉండేది. నేనైతే నమ్మకస్తుణ్ణని స్టాండంతా కలిసి ఇచ్చారు.

శ్రావణం రేపోమాపో అనగా మా అమ్మ లక్ష్మణమ్మ ఒక మాట అంది. "సుక్రోరం పూట దీపాలేళ ఉప్పుబెడ్డ కూడా గుమ్మం దాటనీం. నువ్వు బండిలో కరెంటు ఊరికి పంచేత్తన్నావేటిరా? ఇంట్లో లచ్చిమి ఉంటాదా?" నేను నవ్వేశాను. నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. శుక్రవారం వచ్చేసరికి నా పెట్టె తీసి, నా బండి ఏమీ ఇవ్వకుండా నాబ్ తిప్పేశాను. అలా చేస్తే మొత్తంలో లోటు పడి కాలేజీ వాళ్ళకు తెలిసిపోతుంది. అందుకని నా వంతు కూడా లాగేలా పక్క పెట్టె నాబ్ చివరిదాకా తిప్పాను. ఆ పెట్టె చిన్నతల్లిది. వరసకు నాకు వదిన, మా స్టాండులోనే ఆటో నడుపుతుంది. ఆ రోజు ఏమీ కాలేదు. నమ్మకస్తుణ్ణి కదా, ఎవరూ చూడలేదు.

మరుసటి శుక్రవారం, ఆగస్టు తొమ్మిది, వరలక్ష్మీ వ్రతం. చిన్నతల్లి తెల్లారేదాకా బండి తియ్యనని చెప్పి ఇంటికి వెళ్ళింది. అది విన్నాకే మళ్ళీ నాబ్‌లు తిప్పాను. దీపాల వేళకు ఆమె మా ఇంటికి వాయనం శనగలు తెచ్చింది. మా అమ్మ కొంగు పట్టి తీసుకుంది. అమ్మ పక్కన నేనూ ఉన్నాను.

రాత్రి ఎనిమిదిన్నరకు చిన్నతల్లి పట్టుచీరతోనే పరుగున షెడ్డుకు వచ్చింది. "కూర్మయ్యా, దుర్గకి నొప్పులొచ్చేసినాయి. నా తీగ పీకెయ్యి" అంది. దుర్గ మా వీధిలోని గోవింద్ భార్య. కాన్పుకు తీసుకెళ్ళేది చిన్నతల్లేనని వాళ్ళు ముందే మాట్లాడుకున్నారు. తీగ నేనే పీకాను. నా బండి పక్కనే నిండుగా ఉంది. నా బండి తీసుకెళ్ళమని అనాలి. అంటే నీది నిండుగా ఎందుకుందని అడుగుతుంది. ఆసుపత్రి ఎంత దూరం, చేరిపోతుందిలే అనుకున్నాను. ఆమె వెళ్ళిపోయింది. నేను నా బండి మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డాను.

సగం దారిలో బండి ఆగిపోయింది. గోవింద్, చిన్నతల్లి కలిసి తోశారు. అంబులెన్సు వచ్చేలోపే దుర్గ ఆటోలోనే ప్రసవించింది. ఆడపిల్ల. ఏడవలేదు.

గోవింద్ చిన్నతల్లి మీద కేసు పెట్టాడు. పోలీసులు స్టాండుకు వచ్చి అడిగితే తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. నేను ఊరుకోలేదు. ఆమె బ్యాటరీ పాతదని, చూసుకోమని రెండుసార్లు చెప్పినా వినలేదని అన్నాను. అది అబద్ధం. ఆమె బ్యాటరీ మా అందరి వాటికంటే కొత్తది. ఆడాళ్ళకి బండ్లెందుకని ఎవరో అంటే తల కూడా ఊపాను. ఆమె బండి స్టేషనుకు తీసుకుపోయారు. వీధిలో ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. చేసిన రోజు కంటే ఆ అబద్ధం చెప్పిన రోజు తలచుకుంటేనే ఎక్కువ సిగ్గు.

మా అమ్మను ఇందులోకి లాగవద్దని కోరుతున్నాను. ఆవిడ తనకు తెలిసిన మాట చెప్పింది. నాబ్ తిప్పిన చెయ్యి నాది.

నిన్న పొద్దున చిన్నతల్లి ఇంటికి వెళ్ళి గుమ్మం బయటే నిలబడి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆమె ఇలా అంది. "సుక్రోరం ఇయ్యకూడదని నోరు తెరిసి సెప్పుంటే నీ వంతు కూడా నేనే ఇద్దును కదా కూర్మయ్యా. దుర్గని నీ బండెక్కిద్దును."

నేను చెప్పినదంతా నాకు తెలుగులో చదివి వినిపించారు. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు. ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పిన నిజమని ఒప్పుకుని, ఆగస్టు ఇరవై రెండున శ్రీకాకుళంలో సంతకం చేస్తున్నాను.

(సం.) సీపాన కూర్మయ్య